టెన్త్ గ్రేడ్‌తోనే హైస్కూల్ మానేసి కాలేజీకి పంపొచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి, మూడూ అమెరికా నుంచే. అందుకే మూడింటికీ ఇక్కడే జవాబిస్తున్నా.

ప్రశ్న: మేడమ్, మేం డాలస్ దగ్గర ఉంటాం, సొంతూరు గుంటూరు వైపు. మా పెద్దమ్మాయికి 16 నిండబోతున్నాయి, టెన్త్ గ్రేడ్. లెక్కల్లో ఎప్పుడూ ముందే, ఈ ఏడాది క్యాల్కులస్ బీసీ అనే కాలేజీ స్థాయి కోర్సు చేస్తోంది, వచ్చే ఏడాదికి తనకి తగ్గ లెక్కల కోర్సు స్కూల్లో లేదట. డెంటన్‌లో టామ్స్ అనే అకాడమీకి అప్లై చేస్తానంటోంది, అది రాకపోతే హైస్కూల్ మానేసి డైరెక్ట్‌గా ఏదైనా యూనివర్సిటీలో చేరిపోతానంటోంది. మావారు సరే అంటున్నారు. మా మామగారైతే ఫోన్లో "దానికేముందమ్మా, మేమంతా టెన్త్ అవగానే కాలేజీకే పోయాం కదా" అంటారు. నాకు మాత్రం భయంగా ఉంది, పిల్ల ఒంటరిదైపోతుందేమో, తొందరపడి ఏదైనా పోగొట్టుకుంటుందేమో అని. ఏం చెయ్యమంటారు?
– ఒక అమ్మ, టెక్సాస్

జవాబు: ముందు మీ మామగారి మాట చూద్దాం. ఆయనన్నది నిజమే, మన దగ్గర టెన్త్ అయితే కాలేజీకే, పదిహేనేళ్లకే హాస్టల్లో చేరినవాళ్లం చాలామందిమి. కానీ ఇంటర్ అంటే ఇక్కడి లెవెన్త్, ట్వెల్త్ గ్రేడే కదండీ. క్లాసులో అందరూ ఒక ఈడు వాళ్లు, పొద్దున లేచిందగ్గర్నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా ఎవరో ఒకరు వెనకుండి చదివిస్తారు, ఓ రోజు క్లాసుకి పోకపోతే ఇంటికి ఫోనొస్తుంది. ఇక్కడ యూనివర్సిటీలో మీ అమ్మాయి పక్కన 22 ఏళ్ల వాడు కూర్చుంటాడు, ఆ పక్కన ఇద్దరు పిల్లల తల్లి కూర్చోవచ్చు, నువ్వెందుకు రాలేదని అడిగే నాథుడుండడు. కాబట్టి ఆయన అనుభవాన్ని దీనికి కొలబద్దగా పెట్టుకోకండి.

నేను కమ్యూనిటీ కాలేజీలో (అంటే ఊళ్లోనే ఉండే రెండేళ్ల కాలేజీలో) లెక్కలు చెప్తాను, హైస్కూల్లో ఉంటూనే కాలేజీ క్లాసులకొచ్చే పిల్లలు ప్రతి సెమిస్టర్లోనూ ఉంటారు, అందులో మన తెలుగు పిల్లలు బాగానే కనిపిస్తారు. లెక్కలు రాక దెబ్బతిన్న పిల్లలు వీళ్లలో చాలా తక్కువ. దెబ్బతినేది వేరే చోట. మొదటి రోజు సిలబస్ ఇస్తాం, అందులో పరీక్షల తేదీలు, లేటైతే ఎన్ని మార్కులు పోతాయి, ఆఫీస్ అవర్స్ (డౌట్లు అడగడానికి మా గదికి రాగలిగే వేళలు) ఎప్పుడు, అన్నీ ఉంటాయి, ఇక ఆ తర్వాత ఎవరూ గుర్తు చెయ్యరు. హైస్కూల్లో టీచర్ మూడుసార్లు చెప్పేది, ఇంట్లో అమ్మ స్కూల్ మార్కుల పోర్టల్ తెరిచి చూసి మరో రెండుసార్లు చెప్పేది. ఇక్కడ ఒక్కసారిగా అదంతా ఆగిపోతుంది. మొదటి మిడ్‌టర్మ్‌లో, పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ 95 తగ్గని పిల్లకి 60 చిల్లర వస్తుంది. ఒకమ్మాయి అలాగే నా ఆఫీస్ గుమ్మం దాకా వచ్చి, లోపల ఇంకో స్టూడెంట్ ఉంటే తలుపు పక్కన నోట్‌బుక్ గుండెకి హత్తుకుని నిలబడి, నేను చూసి రమ్మనేలోపే వెళ్లిపోయేది. చిన్నప్పట్నుంచి అందరికీ చెప్పే పిల్లే తప్ప ఎవర్నీ అడిగే అవసరం రాలేదు కదా, అడగడం ఎలాగో తెలీదు. చివరికి అడిగింది, బాగానే పాసైంది, కానీ తనకి ఆ సెమిస్టర్లో నిజంగా కష్టమైంది క్యాల్కులస్ కాదు, ఆ గుమ్మం దాటడమే.

అందుకని నా మొదటి సలహా, ఈ సమ్మర్లో మీ దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో ఒక్క కోర్సు చెయ్యనివ్వండి. లెక్కలది వద్దు, అది ఎలాగూ చేస్తుంది, వ్యాసాలు రాయాల్సిన కోర్సు ఏదైనా, ఇంగ్లిష్ కంపోజిషనో హిస్టరీయో. రిజిస్ట్రేషన్ తనే చేసుకోవాలి, ప్రొఫెసర్‌కి మెయిల్ తనే రాసుకోవాలి, డెడ్‌లైన్ మర్చిపోతే ఆ మార్కులు తనే పోగొట్టుకోవాలి. మీరు పోర్టల్ పాస్‌వర్డ్ అడగొద్దు. (తల్లులు మాకు మెయిల్స్ రాస్తారు, మా అమ్మాయికి జ్వరం, టెస్ట్ మళ్లీ పెట్టండి అని. ప్రేమతోనే రాస్తారు, కానీ అలా రాసిన ప్రతిసారీ ఆ పిల్ల నేర్చుకోవాల్సింది ఇంకాస్త వెనక్కి పోతుంది.) ఆ కోర్సు అయ్యేసరికి మీకు సగం జవాబు దొరుకుతుంది.

ఇక మీరు టామ్స్‌నీ, డైరెక్ట్‌గా యూనివర్సిటీలో చేరడాన్నీ ఒకే గాటన కట్టారు, అవి రెండూ పూర్తిగా వేరే దారులు.

టామ్స్ అంటే టెక్సాస్ అకాడమీ ఆఫ్ మ్యాథమెటిక్స్ అండ్ సైన్స్, 1987లో టెక్సాస్ లెజిస్లేచర్ చట్టం చేసి పెట్టింది, యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సాస్‌లో నడుస్తుంది. టెన్త్ అయిన పిల్లలు చేరతారు, లెవెన్త్, ట్వెల్త్ బదులు రెండేళ్లు యూనివర్సిటీ ప్రొఫెసర్ల క్లాసుల్లోనే కూర్చుంటారు, కానీ ఉండేది మెకానెల్ హాల్ అనే వాళ్ల సొంత హాస్టల్లో, అందరూ ఇదే ఈడు వాళ్లు, రాత్రి కర్ఫ్యూ ఉంటుంది, చూసుకునే స్టాఫ్ అక్కడే ఉంటారు. అన్నిటికన్నా ముఖ్యం, బయటికొచ్చేటప్పుడు హైస్కూల్ డిప్లొమా చేతికొస్తుంది, రెండేళ్ల కాలేజీ క్రెడిట్స్ కూడా వస్తాయి. హాస్టల్, భోజనం ఖర్చు మీరు పెట్టుకోవాలి. డాలస్ వైపు నుంచి డెంటన్ ఎంతో దూరం కాదు, శనాదివారాలు వెళ్లి గోంగూర పచ్చడి ఇచ్చి రావచ్చు. పిల్ల ఒంటరిదైపోతుందని మీ భయం కదా, నా ఉద్దేశంలో ఇప్పుడున్న స్కూల్లో కన్నా అక్కడే తనలాంటి పిల్లలు ఎక్కువమంది దొరుకుతారు. లెక్కలంటే ఇష్టపడే ఆడపిల్లకి తనలాంటి ఇంకో నలుగురు దొరకడం ఎంత పెద్ద విషయమో మాటల్లో చెప్పలేను.

కానీ ఒకటి పోగొట్టుకునే ప్రమాదం ఉంది, అది అడిగి తెలుసుకోండి. టెక్సాస్‌లో 1997 నుంచి ఒక చట్టం ఉంది, హైస్కూల్ క్లాసులో టాప్ 10 శాతంలో ఉంటే స్టేట్ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్‌గా సీటు. యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ ఆస్టిన్‌లో మాత్రం 2026 ఫాల్ నుంచి టాప్ 5 శాతానికే. మీ అమ్మాయి ఇప్పుడు ఆ ర్యాంకులో ఉందనుకోండి, స్కూల్ వదిలితే ఆ ర్యాంకూ అక్కడే మిగిలిపోవచ్చు. ఆస్టిన్‌లో కంప్యూటర్ సైన్స్ లాంటివాటికి ర్యాంక్ ఒక్కటే చాలదు, అది ఎలాగూ వేరే పోటీ, అయినా యూనివర్సిటీలో సీటు గ్యారంటీ అన్నది చిన్న విషయం కాదు. స్కూల్ కౌన్సెలర్‌నీ టామ్స్ అడ్మిషన్స్ వాళ్లనీ ఇద్దర్నీ అడగండి, ఇద్దరి జవాబూ మెయిల్లో రాయించుకోండి.

రెండో దారి, అంటే డిప్లొమా లేకుండా హైస్కూల్ మానేసి నేరుగా డిగ్రీలో చేరడం. ఇది కూడా మంచి చోట్ల పద్ధతిగా జరుగుతుంది. సియాటిల్లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో రాబిన్సన్ సెంటర్ అని ఉంది, 1977 నుంచి చిన్న వయసు పిల్లల్ని తీసుకుంటోంది, టెన్త్ తర్వాత చేరేవాళ్లకి అకాడమీ అని వేరే ప్రోగ్రామ్ కూడా పెట్టారు. అక్కడ పిల్లల్ని గుంపుగా తీసుకుంటారు, వాళ్లకని సలహాదారులు, వాళ్లకని కూర్చోడానికి ఒక చోటు ఉంటాయి. అలాంటి ఏర్పాటు లేకుండా ఏదో ఒక యూనివర్సిటీ మార్కులు చూసి తీసుకుంటానందని పంపడం వేరు. మసాచుసెట్స్‌లో సైమన్స్ రాక్ అని 1966లో కేవలం ఇలాంటి పిల్లల కోసమే పెట్టిన కాలేజీ, ఈ విషయంలో అమెరికా అంతా దాని పేరే చెప్పుకునేవాళ్లు, అదే 2025లో ఆ క్యాంపస్ మూసేసి న్యూయార్క్ స్టేట్‌లో బార్డ్ కాలేజీ దగ్గరికి మారాల్సి వచ్చింది. పిల్ల చేతిలో హైస్కూల్ డిప్లొమా ఉంటే ఇలాంటి కుదుపులొచ్చినా ఎక్కడికైనా వెళ్లొచ్చు. లేకపోతే ప్రతి చోటా సంజాయిషీ చెప్పుకోవాలి, ఫెడరల్ ఎయిడ్‌కి (కాలేజీ ఖర్చులకి కేంద్ర ప్రభుత్వమిచ్చే సాయానికి) కూడా మామూలుగా డిప్లొమా గానీ దానికి సమానమైన సర్టిఫికెట్ గానీ అడుగుతారు.

ఇంకో సంగతి చాలామంది అమ్మానాన్నలకి చేరాకే తెలుస్తుంది. కాలేజీలో చేరిన రోజు నుంచి, పిల్లకి 16 ఏళ్లే అయినా సరే, చదువు రికార్డుల మీద హక్కు పిల్లదే అవుతుంది, మీది కాదు. ఫెర్పా అని 1974 నాటి చట్టం. ట్యాక్స్‌లో మీ డిపెండెంట్ అయితే కాలేజీ మీకు చూపించొచ్చు, కానీ చూపించి తీరాలనేం లేదు. అలాగే, మీ అమ్మాయికి రేపు మెడిసిన్ మీద మనసు మళ్లిందనుకోండి, మెడికల్ స్కూల్ అప్లికేషన్లో ఇప్పటిదాకా చేసిన ప్రతి కాలేజీ కోర్సూ గ్రేడూ చూపించాలి, హైస్కూల్లో ఉండగా చేసిన డ్యూయల్ క్రెడిట్ కోర్సులతో (హైస్కూల్‌కీ కాలేజీకీ రెండిటికీ లెక్కకొచ్చేవాటితో) సహా. పదహారేళ్లకి తొందరపడి తీసుకున్న కెమిస్ట్రీలో వచ్చిన సీ గ్రేడ్ 22 ఏళ్లకి కూడా అక్కడే ఉంటుంది. భయపెట్టడానికి చెప్పట్లేదు, మొదటి సెమిస్టర్లో ఐదు కోర్సులు ఒక్కసారే నెత్తినేసుకోకుండా ఉంటుందని చెప్తున్నా.

క్రెడిట్స్ సంగతి కూడా చూసుకోండి. టెక్సాస్ పబ్లిక్ యూనివర్సిటీల మధ్య 42 క్రెడిట్ గంటల కోర్ కరిక్యులమ్ (అందరూ చెయ్యాల్సిన ప్రాథమిక కోర్సులు) ఇబ్బంది లేకుండా ట్రాన్స్‌ఫర్ అవుతుంది. ప్రైవేట్ యూనివర్సిటీలు చాలావరకు, హైస్కూల్ డిప్లొమాకి లెక్కేసిన క్రెడిట్‌ని డిగ్రీకి మళ్లీ లెక్కెయ్యవు. అంటే రెండేళ్లు ముందుకెళ్లిందనుకున్న పిల్ల అక్కడ మళ్లీ ఫ్రెష్‌మన్‌గా, అంటే మొదటి ఏడాది నుంచి, నాలుగేళ్లు చదవాల్సి రావచ్చు. అందులో నష్టం లేదు, నేర్చుకున్నది ఎక్కడికీ పోదు, కాకపోతే డబ్బు మిగులుతుందని లెక్కలేసుకుని ఉంటే మాత్రం ఆ లెక్క తప్పుతుంది.

నా మాట అడిగారు కాబట్టి చెప్తున్నా, టామ్స్‌కి అప్లై చెయ్యనివ్వండి, వస్తే పంపండి. రాకపోతే హైస్కూల్లోనే ఉంచి, లెక్కల కోర్సులు మాత్రం డ్యూయల్ క్రెడిట్‌లోనో ఆన్‌లైన్‌లో ఏదైనా యూనివర్సిటీ నుంచో చేయించండి. డిప్లొమా లేకుండా మాత్రం మాన్పించొద్దు. ఇంకోమాట, దయచేసి సీటు వచ్చేదాకా చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో చెప్పకండి. ఊరంతా శభాష్ అన్నాక పిల్లకి మనసు మార్చుకోవాలనిపించినా నోరు పెగలదు.

ప్రశ్న: నమస్తే అండి. నేను హెచ్ వన్ బీ వర్క్ వీసా మీద న్యూజెర్సీలో ఉన్నా, ఈబీ టూ గ్రీన్ కార్డ్ క్యూలో మా డేట్ ఎప్పటికొస్తుందో దేవుడికే తెలియాలి. మా బాబుకి 15, నా డిపెండెంట్‌గా హెచ్ ఫోర్ వీసా, 21 వస్తే అది అయిపోతుంది. వాడికి 21 వచ్చేలోపు గ్రీన్ కార్డ్ రాదని తేలిపోయింది. అందుకే ఇప్పుడే హైస్కూల్ మాన్పించి కాలేజీలో వేస్తే 20కల్లా డిగ్రీ అయిపోతుంది, ఉద్యోగం చూసుకుంటాడు అని నా ప్లాన్. వాడికైతే పెద్ద ఇష్టం లేదు, ఫ్రెండ్స్ అంటాడు, స్కూల్ సాకర్ టీమ్ అంటాడు. మీరేమంటారు?
– ఒక నాన్న, ఎడిసన్

జవాబు: మీ బాధ అర్థమవుతోంది, ఈ క్యూలో మన వాళ్ల ఇళ్లు ఎన్ని ఉన్నాయో తెలుసు. కానీ ఈ ప్లాన్లో ఒక పెద్ద కన్నం ఉంది. హెచ్ ఫోర్ మీద పిల్లలు చదువుకోవచ్చు, ఉద్యోగం చెయ్యకూడదు. డిగ్రీ 20కి అయినా, 22కి అయినా, చదువయ్యాక ఓపీటీ (స్టూడెంట్లకి తాత్కాలికంగా ఇచ్చే పని అనుమతి) మీద పని చెయ్యాలంటే ఎఫ్ వన్ స్టూడెంట్ వీసాకి మారి ఉండాలి. 12 నెలల ఓపీటీ, స్టెమ్ డిగ్రీ అయితే ఇంకో 24 నెలలు, అన్నీ ఎఫ్ వన్ వాళ్లకే. అంటే ఎటు తిరిగినా వాడు 21 లోపు ఎఫ్ వన్‌కి మారాల్సిందే, మామూలుగా 18కి కాలేజీలో చేరిన పిల్లలు కూడా డిగ్రీ మధ్యలో చేసేది అదే, చదువు ఆగదు. మీరు రెండేళ్లు ముందు చేర్చినందువల్ల ఆ గండం తప్పట్లేదు, కాస్త జరుగుతోందంతే. ఇన్-స్టేట్ ఫీజు వాళ్లకి ఎలా లెక్కేస్తారు, ఎప్పుడు ఫైల్ చెయ్యాలి, ప్రయారిటీ డేట్‌ని బట్టి సీఎస్‌పీఏలో (గ్రీన్ కార్డ్ కేసుల్లో పిల్లల వయసు లెక్కగట్టే చట్టంలో) వాడి వయసు ఏమైనా తగ్గుతుందా, ఇవన్నీ ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్ దగ్గర గంట కూర్చుని ఇప్పుడే తేల్చుకోండి. 20వ ఏట హడావిడి పడటం కన్నా నయం.

ఇక వాడికి ఇష్టం లేదన్నారు, నాకైతే అది ఒక్కటే చాలు. ముందుగా కాలేజీకి వెళ్లి బాగుపడిన పిల్లలంతా తమంతట తాము వెళ్తామన్నవాళ్లే. అసలు వీసా సంగతి పిల్లాడి తప్పు కాదు, దాని బరువు వాడి సాకర్ టీమ్ మీద పడకూడదు. అయితే 15 ఏళ్ల వాడికి ఈ విషయమంతా దాచకుండా చెప్పండి. ఏ కాలేజీ, ఏ మేజర్ అనేది వాడే నిర్ణయించుకునేటప్పుడు తన స్టేటస్ ఏంటో తెలిసుండాలి కదా. ఫెడరల్ ఎయిడ్ హెచ్ ఫోర్ పిల్లలకి రాదన్నది కూడా ముందే తెలిస్తే ఆ లెక్కన కాలేజీలు చూసుకుంటాడు.

ప్రశ్న: ఆంటీ, నాకు 16. ఎయిత్‌లో ఉండగా విజయవాడ నుంచి ఇక్కడికొచ్చాం, సియాటిల్ దగ్గర. హైస్కూల్ నాకు నచ్చట్లేదు. మార్కులు బానే వస్తాయి కానీ ఎవరితోనూ కలవలేకపోతున్నా, లంచ్ టైమ్‌లో లైబ్రరీలో కూర్చుంటా. కాలిఫోర్నియాలో మా కజిన్ ఏదో ఎగ్జామ్ రాసి స్కూల్ మానేసి కాలేజీకి వెళ్లిపోయాడు. నేనూ అలా చెయ్యొచ్చా? ఇంట్లో ఇంకా చెప్పలేదు, అమ్మ మీ శీర్షిక చదువుతుంది కానీ నేనని తెలీదులెండి.
– పేరు వద్దు

జవాబు: బాబూ, నువ్వు రాసినందుకు చాలా సంతోషం. మీ కజిన్ రాసింది కాలిఫోర్నియా ప్రొఫిషెన్సీ పరీక్ష అయ్యుంటుంది, 16 నిండినవాళ్లు రాయొచ్చు, పాసైతే ఆ స్టేట్‌లో డిప్లొమాతో సమానం. అది మీ స్టేట్‌లో లేదు. మీ దగ్గర జీఈడీ (డిప్లొమాకి సమానమైన పరీక్ష) ఉంది కానీ నీ వయసుకి స్కూల్ డిస్ట్రిక్ట్ అనుమతి కావాలి, అది తీసుకోమని నేను చెప్పను, ఎందుకంటే నీకు అంతకన్నా మంచిది చేతికందే దూరంలోనే ఉంది.

వాషింగ్టన్‌లో రన్నింగ్ స్టార్ట్ అని 1990లో చట్టం చేసి పెట్టారు. లెవెన్త్, ట్వెల్త్ పిల్లలు కమ్యూనిటీ కాలేజీలో క్లాసులు తీసుకోవచ్చు, కావాలంటే రోజంతా అక్కడే, క్వార్టర్‌కి (అక్కడి టర్మ్‌కి) 15 క్రెడిట్స్ దాకా ట్యూషన్ కట్టక్కర్లేదు. పుస్తకాలు, కొన్ని ఫీజులు, బస్సు ఖర్చు మీవి. ఆ క్రెడిట్స్ హైస్కూల్‌కీ కాలేజీకీ రెండిటికీ పడతాయి. అసోసియేట్ డిగ్రీ (రెండేళ్ల డిగ్రీ) పూర్తి చేస్తే ఆ కాలేజీ నుంచే హైస్కూల్ డిప్లొమా కూడా అడిగి తీసుకోవచ్చు. తర్వాత పెద్ద యూనివర్సిటీకి అప్లై చేసినప్పుడు ఇంకా హైస్కూల్ స్టూడెంట్‌గానే, ఫ్రెష్‌మన్ కిందే చూస్తారు, స్కాలర్‌షిప్పులకి అది మంచిది. అదే జీఈడీ రాసి చేరితే చాలా చోట్ల ట్రాన్స్‌ఫర్ కింద లెక్కేస్తారు. లెవెన్త్‌లో కొన్ని క్లాసులు అక్కడ, కొన్ని ఇక్కడ తీసుకుని చూడు, పూర్తిగా తెంచుకోవక్కర్లేదు.

ఒకటి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి నీకు. కమ్యూనిటీ కాలేజీలో జనం క్లాసవగానే పార్కింగ్ లాట్‌కి పోతారు, పనులకి పోతారు. స్నేహాలు వాటంతటవి దొరకవు. కాబట్టి చదువు బోర్ కొట్టి వెళ్తే నీకు అక్కడ బాగుంటుంది, ఒంటరితనం పోతుందని వెళ్తే అక్కడా ఓ లైబ్రరీ మూల దొరుకుతుంది. ఎయిత్‌లో దేశం మారినవాడికి, అప్పటికే ఎవరి గుంపులు వాళ్లకి ఏర్పడిపోయిన స్కూల్లో చోటు దొరక్కపోవడం నీ లోపం కాదు నాన్నా. కాలేజీకి వెళ్తే మొదటి క్వార్టర్లోనే ఏదైనా ఒక క్లబ్, చెస్సో రోబోటిక్సో బ్యాడ్మింటనో, ఒక్కదాన్లో చేరు, మానకుండా వెళ్లు. స్కూల్లో ఎవరైనా నిన్ను ఏడిపిస్తుంటే, లేదా పొద్దున లేవబుద్ధి కానంత దిగులుగా ఉంటుంటే, అది ముందు చెప్పాల్సిన విషయం, కౌన్సెలర్‌కి గానీ ఇంట్లో గానీ. మరీ తట్టుకోలేనట్టు ఉన్న రాత్రి 988 హెల్ప్‌లైన్‌కి కాల్ గానీ మెసేజ్ గానీ చెయ్యి, ఎప్పుడైనా పలుకుతారు.

రన్నింగ్ స్టార్ట్‌కి ఒక వెరిఫికేషన్ ఫారం ఉంటుంది, మీ స్కూల్ కౌన్సెలర్ నింపుతారు, నీకు 18 లోపు కాబట్టి అమ్మానాన్నల్లో ఒకరు సంతకం పెట్టాలి. అంటే ఇంట్లో చెప్పక తప్పదు. ముందు కౌన్సెలర్ దగ్గర ఆ వివరాలు, నీకు దగ్గర్లో ఏ కాలేజీ ఉందో, అక్కడ ఇంగ్లిష్ ప్లేస్‌మెంట్‌కి ఏం కావాలో తెలుసుకుని ఒక కాగితం మీద రాసుకో. తర్వాత అమ్మకి ఇది చూపించు, రాసింది నువ్వేనని కూడా చెప్పు.